బొమ్మ కింద పేరు లేదు: తిరుపతి, శ్రీకాళహస్తిల్లో నాలుగు రోజులు

మా తాతయ్య ట్రంకు పెట్టెలో ఒక బొమ్మల గుడ్డ ఉండేది. మూడు గజాల పొడవు. నడుమ శ్రీరామ పట్టాభిషేకం, చుట్టూ చిన్న చిన్న గళ్లలో రామకథ, ప్రతి గడి కింద ఒక వరుస తెలుగు అక్షరాలు. శ్రీరామనవమికి పందిట్లో దేవుడి వెనక దాన్ని కట్టేవారు. పండగ అయ్యాక వేపాకు వేసి మడిచి మళ్లీ పెట్టెలో పెట్టేవారు. చిన్నప్పుడు నేను కూడబలుక్కుని చదివిన మొదటి అక్షరాల్లో అవి కూడా ఉన్నాయి. ఇప్పుడు గుంటూరు దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. ఆ గుడ్డ చూస్తూ పెరగకపోతే ఈ దారి పట్టేదాన్ని కాదు.

తాతయ్య పద్దుల పుస్తకంలో 1964 నాటి పేజీలో ఒక వరుస ఉంది: "కాళహస్తి బొమ్మల గుడ్డ, రూ. 22." కొన్న ధర రాశారు గానీ, బొమ్మ ఎవరిదో రాయలేదు. గుడ్డ మీదా ఎక్కడా పేరు లేదు. ఈ సంక్రాంతికి మా అత్తయ్య "మీ మరిది పెళ్లి కుదరట్లేదు, కాళహస్తిలో రాహుకేతు పూజ చేయిద్దాం, నువ్వూ రా అమ్మాయ్" అంది. సరేనని ఆ గుడ్డని దిండు గలీబులో పెట్టుకుని బయల్దేరాను.

జనవరి 22, గురువారం. తిరుపతి

పొద్దున్నే దిగాం. చలి బాగా ఉంది, కొండ మీద మంచు ఇంకా విడలేదు. స్నానాలయ్యాక గోవిందరాజస్వామి గుడి దగ్గర చిన్న హోటల్లో పొంగల్, వడ తిన్నాం. నెయ్యిలో వేగిన మిరియాలు పంటి కిందికి వస్తుంటే అత్తయ్య "మన వైపు ఇంత మిరియం వెయ్యరు" అని రెండోసారి పెట్టించుకుంది. ఇద్దరికీ కలిపి నూట అరవై.

గాంధీ రోడ్డులో ఒక బట్టల కొట్లో "కలంకారీ చీరలు" అని బోర్డు చూసి లోపలికి వెళ్లాను. కాళహస్తి కలంకారీ అంటే వెదురు కలంతో గుడ్డ మీద బొమ్మలు రాసే పని, మా గుడ్డ కూడా అలాంటిదే. పన్నెండు వందలకి చీర చూపించారు. అంచు అంతా నెమళ్లే. నెమలి తర్వాత నెమలి, అన్నిటి మెడా ఒకే వంపు, అన్నిటి కన్నూ ఒకే చోట. చీర తిరగేసి చూస్తే వెనక వైపు దాదాపు తెల్లగా ఉంది. చేత్తో రాసిన గుడ్డలో రంగు నూలులోకి దిగుతుంది, వెనక కూడా బొమ్మ తెలుస్తుంది. ఇది అచ్చు వేసింది. అమ్మే కుర్రాడికి ఆ తేడా తెలిసినట్టు లేదు. "అన్నీ కలంకారీలే మేడమ్" అన్నాడు. ఒక కలంకారీ దుపట్టా రాయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. రాసినవాళ్లు ఈ అచ్చు చీర పక్కన తమ గుడ్డ పెట్టి ధర చెప్పాల్సి వస్తే ఎలా ఉంటుందో అనిపించింది. ఏమీ కొనకుండా వచ్చేశాను.

సాయంత్రం గోవిందరాజస్వామి గుడి గోపురం కింద నిలబడి, తిరుమల గుడి లోపల ఉండే కృష్ణదేవరాయల లోహ విగ్రహం గురించి అత్తయ్యకి చెప్పాను. అటూ ఇటూ తిరుమలదేవి, చిన్నాదేవి ఉంటారు. మూడు విగ్రహాల మీదా పేర్లు చెక్కి ఉన్నాయి. మలిచినవాళ్ల పేర్లు మాత్రం లేవు. "దేవుడి దగ్గర పనిచేసినవాళ్లు పేరు కోసం చేస్తారా" అంది అత్తయ్య. ఆవిడ మాట కాదనలేను. కానీ తెలుసుకోవాలనిపించేది చూసేవాళ్లకి కదా.

జనవరి 23, శుక్రవారం. శ్రీకాళహస్తి

రేణిగుంట, ఏర్పేడు మీదుగా బస్సులో గంట పైన. కాళహస్తి 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. ఊళ్లో పెద్దవాళ్లు ఇంకా "మా చిత్తూరు జిల్లా" అనే అంటున్నారు.

శుక్రవారం రాహుకాలం పదిన్నరకి మొదలవుతుంది. మేం పదికే గుళ్లో ఉన్నాం. టికెట్టు ఐదు వందలు. వరుసగా కూర్చోబెట్టి, వెండి నాగపడగలు ఇచ్చి, మైకులో మంత్రం చెప్పి పూజ చేయించారు. మా పక్కన తమిళ దంపతులు, వెనక కర్ణాటక నుంచి వచ్చిన పెద్ద కుటుంబం. పంతులు గారు మూడు భాషల్లోనూ "గోత్రం చెప్పండి" అంటున్నారు. అత్తయ్య కళ్లు మూసుకుని మరిది పేరు ఎన్నిసార్లు అనుకుందో, పెదాలు కదులుతూనే ఉన్నాయి. లోపల వాయులింగం దగ్గర, గాలి చొరబడని గర్భగుడిలో దీపం రెపరెపలాడుతూ కనిపించింది. దానికోసమే ఇంత దూరం వచ్చినట్టు అత్తయ్య అక్కడే నిలబడిపోయింది.

బయటికొచ్చి రాజగోపురం చూశాం. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన పాత గోపురం 2010 మే 26న కూలిపోయింది. ఇప్పుడున్నది తిరిగి కట్టింది, 2017లో కుంభాభిషేకం జరిగింది. ఎదురుగా పూలమ్మే ఆవిడ ఆ రాత్రి సంగతి అడక్కుండానే చెప్పింది. ముందు నుంచే బీటలు కనబడి మనుషుల్ని ఖాళీ చేయించారట. "పడినప్పుడు ఊరంతా దుమ్ము కమ్మింది. మా అమ్మ మూడు దినాలు అన్నం తినలే" అంది. అంత రాయి కూలిపోయింది, చింతబొగ్గుతో గీసి పాలు పట్టించిన గుడ్డలు మాత్రం నూట ముప్పై ఏళ్లకి పైగా నిలిచాయి. 1880ల్లో కాళహస్తిలో రాసిన ఒక రామాయణం గుడ్డ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. దాని చిత్రకారుడి పేరు కూడా నిలిచింది: పంచకళ్ల పెద్ద సుబ్బరాయుడు. కాలేజీ రోజుల్లో ఆ పేరు మొదటిసారి చూసినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఈ పనిలో ఒక మనిషికి పేరుంటుందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

మధ్యాహ్నం ఆటో అతనికి "కలంకారీ రాసేవాళ్ల ఇంటికి" అని చెప్పాం. నలభై రూపాయలు. అతను తీసుకెళ్లింది ఒక పెద్ద షోరూముకి. గాజు తలుపులు, ఏసీ. మళ్లీ అవే ఒక్కలాంటి నెమళ్లు. "కొట్టు కాదన్నా, ఇల్లు" అంటే "ఇల్లా? మీకు కొనేది లేదా?" అన్నాడు. కొనేవాళ్లని తెస్తే అతనికి కమీషన్ ఉంటుందని తర్వాత తెలిసింది. అక్కడ దిగి నడిచాం. సందులన్నీ ఒకేలా ఉన్నాయి. రెండుసార్లు తిరిగి అదే పాల బూత్ దగ్గరికొచ్చాం. అత్తయ్యకి కాళ్లు నొప్పులు. చివరికి ఒక మేడ మీద నుంచి తీగకి వేలాడుతున్న గుడ్డ కనిపించింది. పసుపు పచ్చటి నేల మీద నల్లగీత, రంగులు ఇంకా పడలేదు. గాలికి గుడ్డ తిరిగినప్పుడు వెనక కూడా అదే గీత. "అత్తయ్యా, ఇదే" అన్నాను.

కింద తలుపు తట్టాం. డెబ్బై దాటిన పెద్దాయన వచ్చారు. వేళ్ల కొసలు నల్లగా ఉన్నాయి. పరిచయం చెప్పుకుని, చూడటానికి వచ్చామన్నాను. "ఈ పొద్దు పటిక ఆరబెట్టినాం, చూడనీకి ఏమీ లేదమ్మా. రేపు ఎర్రకి ఉడకబెడతాం. పొద్దున్నే రాండి. అన్నం ఇంట్లోనే" అన్నారు. దిండు గలీబు ఒళ్లో పట్టుకునే ఉన్నాను. ఇప్పుడే చూపించాలనిపించింది గానీ ఆయన కోడలు లోపల పిల్లాడికి అన్నం తినిపిస్తోంది. వచ్చేశాం.

జనవరి 24, శనివారం. పెద్దాయన ఇంట్లో

ఈ రోజు గురించే ఎక్కువ రాయాలి.

మేం వెళ్లేసరికి పెరట్లో పెద్ద రాగి గంగాళం కింద కట్టెలు మండుతున్నాయి. ఆయన కోడలు కొంగు దోపుకుని కర్రతో గుడ్డని తిప్పుతోంది. నీళ్లలో ఎరుపునిచ్చే సురుడు చెక్క, మంజిష్ఠ వేరు. మొదట చూసినప్పుడు ఆ గుడ్డ మీద నల్లగీతలు, కొన్ని మచ్చలు మాత్రమే ఉన్నాయి. పావుగంటకి ఆ మచ్చలే ఎర్రబడ్డాయి. రావణుడి ఒళ్లు, సీత చీర అంచు, రథం జెండా ఒక్కొక్కటే తేలాయి. పిల్లలకి రంగులు కలపడం ఇరవై ఏళ్లుగా నేర్పుతున్నాను. రంగు లేనిదానితో బొమ్మ రాయడం నేను కళ్లతో చూడటం అదే మొదటిసారి.

జరిగేది ఇది. ఎక్కడ ఎరుపు కావాలో అక్కడ ముందు పటిక నీళ్లు రాస్తారు. పటికకి సొంత రంగు లేదు. రాసిన చోటు తెలియడానికి అందులో కాస్త రంగు కలుపుకుంటారు, అది తర్వాత కడుగులో పోతుంది. గుడ్డని వేరు నీళ్లలో ఉడకబెట్టినప్పుడు పటిక ఉన్న చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట అంటినది కడిగి, పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో తడుపుతూ ఆరబెడితే తేలిపోతుంది. అంటే చిత్రకారుడు రాసేటప్పుడు తన బొమ్మని చూడలేడు, మనసులో పెట్టుకుని రాయాలి.

దానికి ముందే ఎంతో పని ఉంది. గంజి పోయేదాకా ఉతికిన ముడి నూలు గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలలో వెన్న ఉండబట్టి కలం గీత పక్కకి పాకదు. "పాలు తక్కువైతే కసిమి పాకతాది. రాముని ముక్కు హనుమంతుని ముక్కైపోతాది" అన్నారు పెద్దాయన నవ్వుతూ. ఆ తర్వాత చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. దాని మీద కలంతో కసిమి. కసిమి అంటే తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో మూడు వారాలు పులియబెట్టిన మందు. కుండలో చూస్తే మురికి నీళ్లలా ఉంది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే చూస్తుండగానే నల్లబడింది. ఇనుముకి, కరక్కాయ వగరుకి మధ్య ఉన్న బంధం అది. ఎరుపు అయ్యాక మళ్లీ పాలు, అప్పుడు కరక్కాయ పువ్వు పసుపు, ఆ తర్వాత నీలిమందు. పసుపు మీద నీలం పడిన చోట ఆకుపచ్చ. మొత్తం ఇరవై దాకా మెట్లు, మధ్యలో ప్రతిసారీ ఉతకడం, ఆరబెట్టడం. వానాకాలం పని సగం ఆగిపోతుంది.

కలం చేతికిచ్చారు. వెదురు పుల్ల, చివర సన్నగా చెక్కి ఉంది. కొనకి ఒక అంగుళం పైన నూలుగుడ్డ చుట్టి దారం కట్టారు. ఆ ఉండని వేళ్లతో నొక్కుతూ పోతే మందు కొసకి దిగుతుంది. నొక్కు ఎక్కువైతే బొట్టు పడుతుంది, తక్కువైతే గీత తెగుతుంది. ఆయన ఏనుగు తొండం ఒక్క ఊపులో గీశారు. ఊపిరి బిగబట్టి గీయడం గమనించాను. తొండం అయ్యాకే ఊపిరి వదిలారు.

"కలంకారీ అనే పేరు పారసీ వాళ్లది. మా నాయన కాలంలో వ్రాతపని అనే వాళ్లు" అన్నారు. మచిలీపట్నంలో అచ్చుల పని ఉంది, అది విదేశాలకి ఎగుమతి అయిన పని. ఇక్కడిది గుడికి, తేరుకి, దేవుడి వెనక తెరకి రాసిన పని. అందుకే కథ ఉంటుంది, కథ కింద అక్షరం ఉంటుంది. మా వైపు కూడా పల్లెల్లో "బొమ్మ రాశాడు" అంటారు. ఆ మాట ఎందుకంటామో అక్కడ కూర్చుంటే అర్థమైంది.

మధ్యాహ్నం అన్నానికి పిలిచారు. రాగి సంగటి, వేడి వేడి పప్పు, రోట్లో నూరిన చెనక్కాయల ఊరిబిండి. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది ఆయన కోడలు. మా అత్తయ్యకి సంగటి అలవాటు లేదు. "నమలద్దు పెద్దమ్మా, మింగాల" అని పక్కన కూర్చుని నేర్పింది. వాళ్లిద్దరూ ఊరిబిండిలో టమాటా కాల్చాలా ఉడికించాలా అని చాలాసేపు మాట్లాడుకున్నారు. పెద్దాయన అన్నం తిన్నాక చేయి కడుక్కుని, వేళ్లు బాగా తుడుచుకుని, "మీ గుడ్డ చూపించమ్మా" అన్నారు. గలీబు సంగతి నేను చెప్పనే లేదు. నిన్నటి నుంచి చంకలో పెట్టుకుని తిరుగుతుంటే ఆయనే గమనించారు.

చాప మీద పరిచాను. ఆయన ముందు వెనక వైపు తిప్పి చూశారు. అంచు మీద వేలు తడిపి రుద్దారు. తర్వాత అద్దాలు తీసేసి, ముఖం బాగా దగ్గరగా పెట్టి, మధ్య బొమ్మ నుంచి మొదలుపెట్టి ఒక్కో గడీ చదువుకుంటూ వెళ్లారు. నేను ఏమీ అడగలేదు. అడగాలని అనిపించలేదు. ఇంట్లో అందరూ నిశ్శబ్దమైపోయారు.

"కాళహస్తిదే. ఇద్దరు రాసినారు" అన్నారు చివరికి. మధ్యలో రాముడి ముక్కు, సీత వేళ్లు, హనుమంతుడి మోకాలి మడత చూపించారు. ఒక్కసారి గీసిన గీత, ఎక్కడా కలం ఎత్తలేదు. చుట్టూ గళ్లలో గుర్రం కాలు దగ్గర గీత రెండుసార్లు పడింది. చెట్ల ఆకులు ఒకచోట లావు, ఒకచోట సన్నం. "నడిమి బొమ్మ గురువుది. ఈ గడులు నేర్చుకునే పిల్లోనివి. యాభై, అరవై సంవత్సరాల కింద ఇట్లనే నేర్పించేది." అక్షరాలు ఎవరివని అడిగాను. "పిల్లోనివే. అయోధ్యలో ధ్య చూడు, వొత్తు మింగేసినాడు" అన్నారు.

డెబ్బై ఏళ్ల కిందటి కథ చెప్పారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఊళ్లో ఈ పని దాదాపు ఆగిపోయింది. జమీందార్ల ఆదరణ తగ్గింది, గుళ్లు తెరలు రాయించడం మానేశాయి, మిల్లు గుడ్డలు వచ్చాయి. చేతిపనుల్ని నిలబెట్టడానికి పనిచేసిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. నేర్పడానికి దొరికిన గురువు జొన్నలగడ్డ లక్ష్మయ్య. ఆయన కొడుకే జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టి. 1937లో ఇదే ఊళ్లో పుట్టి, తండ్రి దగ్గర ఈ పని నేర్చుకున్నారు. బడిపంతులుగానూ పనిచేశారు. 1976లో జాతీయ అవార్డు, 2008లో పద్మశ్రీ వచ్చాయి. బయటి ఊళ్లవాళ్లకి కాళహస్తి కలంకారీ అంటే ఆయన పేరే ముందు తడుతుంది.

నేను ఆ అవార్డుల గురించే ఇంకా అడగబోయాను. పెద్దాయన ఆపేశారు. "అవార్డు సంగతి పేపర్లో ఉంటాదమ్మా. లక్ష్మయ్య గారు నేర్పకుండా పోయుంటే మా నాయనకి కలం లేదు, నాకు లేదు, దీనికి లేదు" అని కోడలి వైపు చూపించారు. ఆయన నాన్నగారు ఆ కేంద్రంలో నేర్చుకున్నవాళ్లలో ఒకరట. ఒక ఊరి పని ఎన్నో చేతుల్లో నుంచి తగ్గుతూ తగ్గుతూ కొద్దిమంది దగ్గర ఆగింది. అక్కడ నుంచి ఒక గురువు బల్ల ముందు కూర్చున్న పిల్లల వల్ల మళ్లీ ఊరంతా పాకింది. ఇప్పుడు ఈ పనిలో ఆడవాళ్లే ఎక్కువగా కనిపిస్తున్నారు. ఆ సందులో నేను తొంగి చూసిన నాలుగిళ్లలో మూడింట్లో కలం పట్టుకున్నది ఆడవాళ్లే.

ఒక చిత్రకారుడి జీవితం రాయాలంటే మనం పుట్టిన తేదీ, బిరుదులు, గొప్ప చిత్రాలు వరసగా పెడతాం. నేను కూడా పిల్లలకి అలాగే చెబుతూ వచ్చాను. లక్ష్మయ్య గారిలాంటి మనిషి జీవితాన్ని అలా రాస్తే అసలు పని బయటే ఉండిపోతుంది. ఆయన వేసిన బొమ్మలు ఎంత ముఖ్యమో, పక్కన కూర్చుని గుర్రం కాలు రెండుసార్లు గీసిన పిల్లాడిని లేవగొట్టకుండా గీయనివ్వడమూ అంతే ముఖ్యం. మా ఇంట్లో ఉన్న గుడ్డ గురువు ఎవరో, ఆ పిల్లాడు ఎవరో తెలియలేదు. పెద్దాయన కూడా ఊహించి చెప్పడానికి ఒప్పుకోలేదు. "తెలవనిది చెప్పకూడదు" అన్నారు. ఆ మాట నాకు చాలా నచ్చింది.

సాయంత్రం ఒక చిన్న గుడ్డముక్క కొన్నాను. కన్నప్ప కథ, మూరెడు పొడవు, పద్దెనిమిది వందలు. తిన్నడు ఒక కన్ను పెకలించి స్వామికి పెట్టి, రెండో కన్ను పెట్టే చోటు గుర్తుకోసం కాలి బొటనవేలు లింగం మీద ఆనించి ఉన్నాడు. తిన్నడికి కన్ను ఇంకా రాయలేదు. "నేను కన్ను ఆఖర్న రాస్తా. అది నా అలవాటు" అని, అక్కడే కూర్చుని రెండు చుక్కల్లో పూర్తి చేశారు. బేరం ఆడలేదు. అత్తయ్య తన డబ్బుతో ఒక చేతిసంచి కొంది, ఆరు వందలు.

వచ్చేముందు అడిగాను, కింద మీ పేరు రాస్తారా అని. కాసేపు ఆలోచించారు. "ఎవురూ అడగరు" అన్నారు. తర్వాత కోడలిని పిలిచి, "రాయి" అన్నారు. ఆమె రంగులు నింపిందట, అందుకని. మూలలో రెండు పేర్లు పక్కపక్కన పడ్డాయి. ముందు ఆమెది.

జనవరి 25, ఆదివారం. స్వర్ణముఖి

రైలు సాయంత్రానికి. పొద్దున పెద్దాయన కోడలు గుడ్డలు ఉతకడానికి వెళ్తూ మమ్మల్ని కూడా రమ్మంది. స్వర్ణముఖి ఏటికి అనుకుని సరదాగా బయల్దేరాం. ఆమె తీసుకెళ్లింది ఊరి చివర తోటలో బోరు తొట్టి దగ్గరికి. ఎర్ర గుడ్డకి పారే నీళ్లు కావాలి, నిలవ నీళ్లలో ఒక చోటి రంగు ఇంకో చోట అంటుతుంది. అందుకే పెద్ద తొట్టికి ఒక వైపు నుంచి నీళ్లు వదిలి ఇంకో వైపు నుంచి పోనిస్తారు. గంటకి మోటారు ఖర్చు తోట యజమానికి ఇవ్వాలి. "మా మామ చిన్నప్పుడు అంతా ఏట్లోనే అక్కా. ఇసకలో ఆరేసేది. ఇప్పుడు ఏట్లో నీళ్లుంటే మురికి, మురికి లేకుంటే నీళ్లు లేవు" అంది.

తిరిగొస్తూ మేమిద్దరమే ఏటి ఒడ్డుకి వెళ్లాం. ఒక పక్క కన్నప్ప కొండ, ఒక పక్క దుర్గమ్మ కొండ, మధ్యలో గుడి. నీళ్లు సన్నగా ఒక పాయగా పోతున్నాయి, ఒడ్డున ప్లాస్టిక్ కవర్లు, పూజ పూలు. ఆ ఇసక మీద ఒకప్పుడు మూడు గజాల రామాయణాలు పరిచి, ఎండకి తెల్లబడేదాకా నీళ్లు చిలకరిస్తూ కూర్చునేవాళ్లు. మా గుడ్డ కూడా ఇక్కడే ఎక్కడో ఆరి ఉంటుంది. నాకు దుఃఖం వచ్చింది. అత్తయ్య ఏమీ అనకుండా చేయి పట్టుకుంది. ఏటిని బాగుచేయకుండా కళని బతికించాం అనుకోవడం సగం నిజమే.

బస్టాండ్ దగ్గర వేడి పొంగనాలు తిన్నాం, ప్లేటు ముప్పై. కారప్పొడి మంట నెల్లూరు దాటేదాకా నోట్లో ఉంది.

ఇంటికి వచ్చాక

జనవరి 26న జెండా వందనం అయ్యాక కమ్మరి కొట్లో పాత మేకులు, తుప్పు ముక్కలు అడిగి తెచ్చాను. అతను డబ్బు తీసుకోలేదు. మట్టికుండలో అవి, అరకిలో తాటిబెల్లం, నీళ్లు పోసి గుడ్డ కట్టి వరండాలో ఒక మూల పెట్టాను. మూడు వారాలు ఉంచాలన్నారు. పెద్దాయన ఒక కలం ఇచ్చి పంపారు, ఏడో తరగతి పిల్లలు అది చూసి ఇంకో పది చెక్కారు, వెదురు మా బడి వెనకే ఉంది. అత్తయ్య పొద్దున పాలు కాస్తూ, కరక్కాయకి గేదెపాలే కావాలా, ప్యాకెట్ పాలు పనికిరావా అని అడిగింది. ఆయనకి ఫోన్ చేసి కనుక్కుంటే "వెన్న తీయనివి కావాల" అన్నారు. పక్క వీధిలో గేదెలున్న ఇంట్లో చెప్పి పెట్టింది.

ఈ రోజుకి కుండ పెట్టి ఆరో రోజు. మూత తీస్తే ఇంకా బెల్లం వాసనే వస్తోంది.